చెల్లెలి మూలుగతో మద్రాసుకు

తిరుపతి నుంచి మద్రాసుకు పోయి రావడం కూడా ఒక యాత్రేనా అని నవ్వేవాళ్లు నవ్వుకోండి. మాది చిత్తూరు. పెండ్లి బట్టలకనీ, కంటి ఆపరేషనుకనీ, మామిడికాయల లారీల వెంటనీ మా ఊరోళ్లు మద్రాసుకు పోతానే ఉంటారు, వస్తానే ఉంటారు. నేనూ లెక్కలేనన్ని సార్లు పోయినాను. కానీ ఈ తూరి ఒళ్లో ఐసు డబ్బా పెట్టుకోని పోయినాను. ఆ డబ్బాలో మా చెల్లెలు ముని ఎముకలోంచి తీసిన మూలుగ ఉండింది. అట్లాంటి ప్రయాణం పగోళ్లకు కూడా రాకూడదు. ఒకవేళ మీకు వస్తే, ముందే రవ్వంత తెలిసుండేది మంచిదని రాస్తాండా.

చిత్తూరు నుంచి తిరుపతికి

మా ఇంటాయనకూ నాకూ పాల ఐసు వ్యాపారం. బజారులో సన్న అంగడి, దాని వెనకాల చెక్క తొట్టి. తొట్టిలో ఐసు పగలగొట్టి పోసి, మీద కల్లుప్పు చల్లి, పాల అచ్చులు దించి తిప్పతా ఉంటే పాలు రాయి మాదిరి గడ్డ కడతాయి. ఉప్పు లేని ఐసులో పెడితే పాలు ఊరికే చల్లబడతాయి, అంతే. మాకు వచ్చిన చదువంతా అదే.

మునిలక్ష్మి నాకు ఒక్కగానొక్క చెల్లెలు. సత్యవేడులో బడిపిల్లలకు అన్నం వండుతాది. మొగుడు లేడు, బిడ్డల్లేరు, నోరు మాత్రం ఊరందరికీ సరిపోయేంత ఉండాది. మా నాయన పోయినాక అమ్మ దాని దగ్గరే ఉంటాండాది. పది పదిహైను దినాలుగా జొరం తగ్గక, చిగుళ్లలోంచి నెత్తురొస్తాంటే తిరుపతి ఆసుపత్రికి పిలుచుకొచ్చినారు. ఆ పొద్దు అమ్మ ఫోన్ చేసి, "మే, బిన్నా రా, ఆలస్యం చెయ్యొద్దు. దాని రక్తంలో ఏందో పెద్ద జబ్బంట" అనింది.

అంగడి మూసేసి ఇద్దరమూ బస్సెక్కినాము. బయలుదేరినోళ్లను యాడికి పోతాండారని అడగరాదని మా పక్క ఆచారం. అడిగితే పోయే పని చెడతాదంటారు. "దూరమా?" అని అడగాల. నా పక్కన కూసున్నామె ఎవురో గానీ కూసోవడం కూసోవడమే "యాడికి పోతాండావక్కా?" అనేసింది. నాకు ఒళ్లు మండింది. "నువ్వు యాడ దిగతావో ఆడికే" అన్నాను. పాపం, ఆమె మళ్లీ తిరుపతి దాకా నోరు తెరవలా.

డాక్టరు చెప్పిన వాసన సంగతి

ముని మంచం మీద చాప మాదిరి అతుక్కుపోయి ఉండాది. చేతుల మీద నల్లగా మచ్చలు. నన్ను చూసి, "అంగడి మూసి వచ్చినావా? అయితే నేను పోయేదానికే" అనింది. "నోరు మూసుకో" అని దాని దుప్పటి సర్దినాను.

డాక్టరు చిన్న వయసాయన. మమ్మల్ని కూసోబెట్టి చెప్పినాడు. దానికి వచ్చింది అక్యూట్ లుకేమియా. రక్తంలో తెల్లకణాలకు రెండు పెద్ద కుటుంబాలు ఉంటాయంట. ఒకటి లింఫాయిడ్, ఇంకొకటి మైలాయిడ్. మామూలుగా ఆ కణాలు పెరిగి పెద్దయి వాటి పని అవి చేసుకుంటాయి. ఈ జబ్బులో పసిగుడ్లుగానే నిలిచిపోయి, లెక్క లేకుండా పుట్టుకొస్తాయి.

"పసిగుడ్లమ్మా. ముఖం చూసి ఏ ఇంటి బిడ్డో చెప్పలేకుండా ఉండాము. కణం పైన ఉండే గుర్తులు కూడా పరీక్ష చేయించినాము. అటు రవ్వంత, ఇటు రవ్వంత చూపిస్తాంది" అన్నాడు.

"ఏ ఇంటిదైతే ఏమి సార్, మందిచ్చి చంపేయండి" అన్నాను.

"రెండింటికీ మందులు వేరమ్మా. ఒకదాని మందు ఇంకోదానికి సరిగ్గా తగలదు. ఆ లోపల జబ్బు ఊరుకోదు. ఈమెకు రెండోసారి చూసుకుందాంలే అనే తీరిక లేదు."

దానికే జీన్ పరీక్ష చెయ్యాలంట. అదేందో నాకు అర్థం కాలా. ఆయన విసుక్కోకుండా చెప్పినాడు. "ఒంట్లో అన్ని కణాల్లోనూ ఉండే జీన్లు ఒకటేనమ్మా. అందరి వంటింట్లోనూ ఆవాలు, మెంతులు, మిరపకాయలు ఉంటాయి కదా. మరి వీధిలో పోతాంటే ఏ ఇంట్లో ఏం వండుతాండారో ఎట్ల తెలుస్తుంది?"

"పోపు వాసన వస్తుంది కదా సార్."

"అంతే. కణంలో ఏ జీన్ పని చేస్తాందో దానికీ ఒక వాసన మాదిరి ఉంటుంది. ఆర్ఎన్ఏ అంటాము. అది పట్టుకుంటే ఏ ఇంటిదో తేలిపోతాది. కానీ వాసన కదా, ఆలస్యం చేస్తే నిలవదు."

ఐసు మాకొదిలిపెట్టండి

మర్నాడు పొద్దున్నే ముని తుంటి ఎముకలో సూది గుచ్చినారు. మూలుగ బిగుసుకుపోయి ఉండాదంట, రాదే! మళ్లీ గుచ్చినారు. ముని అమ్మ చేతిని నలిపి నలిపి ఎర్రగా చేసేసింది. కడాకు ఒక చిన్న గొట్టంలో అడుగున రవ్వంత వచ్చింది. "ఇంకోసారి గుచ్చినా ఇంత కూడా వస్తుందనే నమ్మకం లేదు" అన్నాడు డాక్టరు.

ఆ పరీక్ష చేసే ల్యాబు మద్రాసులో ఉండాది. కొరియరోళ్లు రేపే ఎత్తుకుంటామన్నారు. "మీరే పోగలరా?" అని డాక్టరు అడిగినాడు. "చల్లగా ఉండాల, కానీ గడ్డ కట్టకూడదు. గడ్డ కడితే కణాలు పగిలిపోయి అంతా పాడైపోతాది. పొద్దు గుంకే లోపల అందాల. రేపు సాయంత్రం దాకా నేను ఆగతాను. అప్పటికీ తెలియకపోతే అంచనా మీద మందు మొదలుపెట్టాల్సిందే."

"చల్లబెట్టేది మాకు వదిలిపెట్టండి సార్. మా బతుకే అది" అన్నాను. ఎంత గొప్పగా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తాండాది.

గొట్టాన్ని దూదిలో చుట్టి, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి సీలు వేసినారు. దాన్ని పెద్ద థర్మకోల్ డబ్బాలో మధ్యన పెట్టి చుట్టూ ఐసు పోసినాము. నేనూ మా ఇంటాయనా డాక్టరు దగ్గర ల్యాబు అడ్రసు కనుక్కోను పోతే, డబ్బా కాసేపు అమ్మ దగ్గరే ఉండింది. తిరిగొచ్చేసరికి డబ్బాకు దండం పెడతా ఉండాది. "ఇట్లియ్యి మా, పొద్దు పోతాది" అని లాక్కున్నాను.

బస్టాండులో మొదటి దెబ్బ తగిలింది. పుత్తూరు దారిలో వానకు కల్వర్టు కొట్టుకుపోయిందంట. మద్రాసు బస్సులు కదలడం లేదు. కండక్టరు ఒకాయన, "సూళ్లూరుపేటకు పోండప్పా. ఆడి నుంచి లోకల్ రైళ్లు ఉంటాయి" అన్నాడు. చుట్టు దారే, కానీ వేరే దారి యాడుంది?

సూళ్లూరుపేట బస్సులో చేపల బేరం

శ్రీకాళహస్తి దాటినాక బస్సు కిక్కిరిసిపోయింది. నాయుడుపేటలో ఒక పెద్దామె ఖాళీ చేపల గంపతో ఎక్కి, సరాసరి నా మోకాళ్ల మీద ఆనుకోని నిలబడింది. "డబ్బాలో ఏముందమ్మా?" అనింది. నాకు ఏం చెప్పాల్నో తోచలా. మా ఇంటాయన తప్పించుకునేదానికి "చేపలు" అనేసినాడు. చేపలమ్మే ఆమెతో ఆ మాట అనొచ్చునా?

"ఏం చేపలు? యాడ కొన్నారు? కిలో ఎంతకిచ్చినాడు?" అని మొదలుపెట్టింది. మా ఇంటాయన నోటికొచ్చిన ధర చెప్పినాడు. "అయ్యో, నిలువునా మోసం చేసినాడు! మూత తియ్యి, చూస్తే చెప్పేస్తా మంచివో కుళ్లినవో" అని మూత మీద చెయ్యి వేసింది. నేను కేకేసినాను. బస్సంతా తిరిగి చూసింది. "ముట్టుకోవద్దమ్మా, నీకు పుణ్యముంటాది. అది మా చెల్లెలి మందు" అన్నాను. ఆమె చెయ్యి తీసేసుకొని, "ముందే చెప్పొచ్చు కదా తల్లీ" అని, దిగేదాకా జనం డబ్బా మీద పడకుండా తన గంప అడ్డం పెట్టింది.

స్టేషన్లో నాలుక మీద ఉప్పు

సూళ్లూరుపేటలో రైలుకు కాసేపు టైముండింది. మా ఇంటాయన స్టేషను బయట ఇడ్లీ తెచ్చినాడు. మా పక్క ఇడ్లీకి చెనిక్కాయల చట్నీ లేకపోతే గొంతు దిగదు. ఆడ ఇడ్లీలోకి చేపల పులుసు పోసినారు! వేరే పొద్దయితే లొట్టలు వేసుకోని తినుందును. ఆ పొద్దు ఒక ముక్క కూడా తినలేకపోయినాను.

"ఐసు ఎంత కరిగిందో చూస్తా" అని ఆయన మూత తీసినాడు. తీసి, అట్లే ఉండిపోయినాడు. నేనూ వంగి చూసినాను. ఐసు ముక్కలు ఒకదానికొకటి కరుచుకోని రాయి మాదిరి ఉండాయి. లోపలి డబ్బా మీద తెల్లగా మంచు పట్టింది. అది మా తొట్టిలో దినమూ చూసేదే. పాల అచ్చుల మీద అట్ల తెల్లగా పట్టిందంటే లోపల గడ్డ కడతాండాయని అర్థం.

నేను అడుగున ఉండే నీళ్లలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

"ఏమయ్యా, నీ చెయ్యి ఊరికే ఉండదా? ఐసు కనబడితే ఉప్పు చల్లాల్సిందేనా?" అని ఆయన మీద పడినాను. ప్లాట్‌ఫారం మీద జనం చూస్తాండారని కూడా లేదు.

"నేను వెయ్యలేదే. మన తొట్టి అనుకున్నావా? నేను ఎందుకేస్తాను?" అన్నాడాయన. ముఖం పాలిపోయింది. నాతో అబద్ధం చెప్పే మనిషి కాదు. అప్పుడు నాకు అమ్మ దండం పెట్టుకోవడం గుర్తుకొచ్చింది. ఫోన్ చేసినాను.

"మా, డబ్బాలో ఏమన్నా వేసినావా?"

"ఔ. ముని చుట్టూ ఉప్పు మిరపకాయలు తిప్పి దిష్టి తీసినా కదా, మిగిలిన కల్లుప్పు కొంగులో ఉండాది. ఒక పిడికెడు వేసినా. దాని నెత్తురు ఊరు పొలిమేరలు దాటి పోతాండాదే, ఏదన్నా సోకకుండా ఉప్పు ఉండొద్దా?"

మాంసమో పులుసన్నమో ఎత్తుకోని పొలిమేర దాటేటప్పుడు ఉప్పుగల్లో బొగ్గు ముక్కో వేసేది మా ఇండ్లల్లో ఉండేదే. మా అమ్మ నాకు పెండ్లయినాక సద్ది కట్టిన ప్రతిసారీ వేసింది. కానీ ఐసులో ఉప్పు వేస్తే ఏమవుతుందో ఆమెకెట్ల తెలుస్తాది? ఆమె మా తొట్టి దగ్గర ఏనాడూ నిలబడలేదు. ఇదంతా ఇప్పుడు తోస్తాండాది. ఆ క్షణంలో మాత్రం నోటికి అడ్డూ ఆపూ లేకుండా అరిచినాను. "నీ దిష్టి పాడుగాను! మూలుగంతా గడ్డ కట్టించేసినావు. దాన్ని నీ చేత్తో నువ్వే చంపుకున్నావు పో!"

అమ్మ ఫోన్ పెట్టేసింది.

స్టేషను ఎదురుగా ఒక నన్నారి షర్బత్తు అంగడి ఉండాది. ఆడికి ఉరికినాము. అంగడామె ఐసుకు మా ఊరి ధరకు రెట్టింపు చెప్పింది. బేరమాడే ఓపిక యాడుంది? ఉప్పు ఐసు పారబోసి, డబ్బా రెండుసార్లు మంచినీళ్లతో కడిగి, తుడిచి, కొత్త ఐసు పోసినాము. సీలు వేసిన లోపలి డబ్బాను మా ఇంటాయన తువ్వాల్లో చుట్టి పట్టుకోనుండినాడు. ఊపి చూస్తే లోపల నీరుందో గడ్డ ఉందో తెలుస్తాదేమోనని నాకు చేతులు పీకినాయి. ఆయన ఊపనియ్యలా.

లోకల్ రైల్లో

మా చిత్తూరులో ఎక్కడికి పోవాలన్నా బస్సే. లోకల్ రైలు నాకు కొత్త. ఆడ ఎవురూ ఎవురినీ జరగమని అడగరు, వాళ్లంతట వాళ్లే జరిగి సగం సీటు ఇస్తారు. ఎదురుగా ఒక తమిళ అవ్వ బొరుగుల పొట్లం నా చేతిలో పెట్టి, తన మోకాళ్ల నొప్పి సంగతి మొదలుపెట్టింది. నాకు సగం అర్థమయింది, సగం కాలా. తల ఊపతానే ఉండాను.

నాకూ మా ఇంటాయనకూ వాదులాట మాత్రం ఆగలా. "ల్యాబులో ఉప్పు మాట చెప్పొద్దు" అన్నాడాయన. "చెప్తే ఇది పనికి రాదని పారేస్తారు. చెప్పకపోతే వాళ్లే చూసుకుంటారు. బాగుంటే బాగుంటాది."

"బాగలేకపోతే? పాడైన దాంట్లో ఏదో ఒకటి చూసి తప్పు ఇల్లు చెప్తే? దానికి తప్పు మందు ఎక్కిస్తే?"

"పారేస్తే మటుకు ఏం చేస్తావు? ఇంకోసారి మూలుగ రాదని చెప్పినారు కదా?"

ఏం చేస్తాను? పొట్లంలో బొరుగులు ఒక్కటీ నోట్లో వేసుకోలా. కిటికీ బయట ఉప్పు నీళ్ల గుంటలు, తుమ్మ చెట్లు పోతా ఉండాయి. దేవుడా, ఈ గండం ఒక్కటీ దాటించు, ఇంకేమీ అడగను అని మొక్కుకున్నాను.

మద్రాసులో అన్నం వాసన

పొద్దు గుంకకముందే ల్యాబుకు చేరినాము. లోపల్నుంచి ఒక పెద్ద డాక్టరమ్మ వచ్చింది. మాది చిత్తూరని చెప్పగానే తెలుగులోకి దిగింది. ఆమెది నగరి పక్క. డబ్బా అందుకోబోయింది. నేను వదల్లేదు.

"అమ్మా, ఒక మాట. దీంట్లో మా అమ్మ ఉప్పు వేసింది" అన్నాను. అంతే, మొదలుపెట్టినాక ఆగలా. దిష్టి, పొలిమేర, తెల్లగా పట్టిన మంచు, నాలుకకు తగిలిన ఉప్పు, అన్నీ ఏడస్తా చెప్పేసినాను. మా ఇంటాయన తల వంచుకోని నేల చూస్తా ఉండినాడు.

ఆమె తిట్టలా, నవ్వలా. సీలు తీసి, దూది విప్పి, గొట్టాన్ని వెలుతురుకు పెట్టి మెల్లగా వంచింది. ఎర్రటిది నిదానంగా ఒక పక్కకు జారింది. "ఇప్పుడు గడ్డగా లేదు. కానీ దారిలో అంచులు గడ్డకట్టి కరిగిందేమో నేను కంటితో చెప్పలేను" అనింది.

"అయితే పారేస్తారా?"

"పారెయ్యము. చెప్పినారు కాబట్టి ముందు ఒకటి చూస్తాము. అన్ని కణాల్లోనూ ఎప్పుడూ పని చేస్తానే ఉండే జీన్లు కొన్ని ఉంటాయి. ఏ ఇంట్లో అయినా..."

"పోపు వాసన సంగతి మా డాక్టరు చెప్పినాడమ్మా" అన్నాను.

"చెప్పినాడా? అయితే సులభం. ఏ ఇంట్లో ఏ కూరైనా వండుకోనీ, అన్నం మాత్రం అందరూ వండతారు కదా? ముందు ఆ అన్నం వాసన వస్తుందేమో చూస్తాను. వస్తే, కూర వాసన నమ్మొచ్చు. అన్నం వాసనే రాకపోతే దీంట్లో ఏం కనబడినా నేను నమ్మను, మీకు చెప్పను. రేపు పొద్దున రండి."

దగ్గర్లోనే ఒక సత్రంలో దిగినాము. మెస్సులో అరిటాకు వేసి సాంబారన్నం పెట్టినారు. మద్రాసు సాంబారు మన సాంబారు కంటే తియ్యగా ఉంటాది. అమ్మకు ఫోన్ చేస్తే ఎత్తలా. ముని ఫోనుకు చేస్తే నర్సమ్మ ఎత్తి, "మీ అమ్మగారు లోపలికి రావడం లేదండీ. పిలిచినా రావడం లేదు" అనింది.

పొద్దున ల్యాబు తలుపు తెరవకముందే పోయి నిలబడినాము. డాక్టరమ్మ బయటికి వచ్చేటప్పుడు ముఖంలో ఏమీ తెలియలా. దగ్గరికొచ్చి, "కొంత పాడైంది" అనింది. "మిగిలింది చాలు. అన్నం వాసన బాగానే వచ్చింది. మిగతాది మధ్యాన్నానికి మీ డాక్టరుకే నేరుగా చెప్తాను. మీరు బయలుదేరండి."

నేను ఆమె చేతులు పట్టుకున్నాను. ఏం చెప్పాల్నో తెలియక "మా ఊరికొస్తే పాల ఐసు తినిపోండమ్మా" అన్నాను. ఛీ, ఆ టైములో చెప్పే మాటా అది!

నాగలాపురం దగ్గర ఫోన్

కల్వర్టు దగ్గర మట్టి పోసి దారి వదిలినారంట. తిరుగు ప్రయాణానికి ఊత్తుకోట మీదుగా బస్సు దొరికింది. సత్యవేడుకు తిరిగే దారి కనబడగానే ముని వండే బడి గుర్తుకొచ్చి ముఖం తిప్పుకున్నాను. ఫోన్ చేతిలోనే పట్టుకోనుండాను. మోగదు. మోగదు. నాగలాపురం దగ్గర మోగింది.

"లింఫాయిడ్ ఇల్లేనమ్మా. దాని జీన్లు గట్టిగా పని చేస్తాండాయి. మైలాయిడ్ జీన్ చప్పుడే లేదు. ఇంక అనుమానం లేదు. మందు రాసేసినాను, ఈ సాయంత్రమే ఎక్కిస్తాము" అన్నాడు డాక్టరు. "దారి పొడుగుంది. నయమవుతుందని ఇప్పుడే మాటియ్యలేను. కానీ సరైన మందుతో మొదలుపెడతాండాము."

నేను బస్సులోనే బోరుమని ఏడ్చేసినాను. కండక్టరు పరిగెత్తుకోని వచ్చి "ఎవురన్నా పోయినారామ్మా?" అన్నాడు. "లేదప్పా, ఇంకా ఉంటాది" అన్నాను.

ఆసుపత్రి మెట్ల కింద

అమ్మ వార్డు బయట లేదు. క్యాంటీన్లో లేదు. మా ఇంటాయన ఒక పక్క, నేనొక పక్క వెతికినాము. మెట్ల కింద చెప్పులు వదిలే తావ గోడకు ఆనుకోని కూసోనుండాది. నిన్న పొద్దున కట్టిన చీరే. నన్ను చూసి లేవలా. "అయిపోయిందా మే?" అనింది. అంతే.

"లేదు మా. తెలిసిపోయింది. మందు దొరికింది."

"నన్ను ఊరడించేదానికి చెప్తాండావు. నా చేత్తో నేనే పాడు సేసినా కదా. ఆ చేత్తో దాన్ని ఇంగెట్ల ముట్టుకునేది?"

"రవ్వంతే పాడయింది మా. మిగిలింది సరిపోయింది. నేను అట్ల అరిచింది తప్పు. నిన్ను అనకూడని మాటన్నాను" అని ఆమె పక్కన నేల మీద కూసున్నాను. ఎంత చెప్పినా నమ్మలా. కడాకు చెయ్యి పట్టుకోని లేపి, వార్డులోకి లాక్కుపోయినాను. అమ్మ మంచానికి నాలుగడుగుల దూరంలో నిలిచిపోయింది. చేతులు రెండూ కొంగులో దాచుకునింది.

మునికి అప్పటికే చేతికి సూది పెట్టి మందు సీసా తగిలించినారు. అది కండ్లు తెరిచి అమ్మను చూసింది.

"యాడికి పోయినావు మా రెండు దినాలు? ఈడ నన్ను పట్టించుకునే దిక్కు లేదు" అని కసిరింది. "ఈ మందుకు ఎంట్రుకలన్నీ రాలిపోతాయంట. నర్సమ్మ చెప్పింది. రాలిపోయే లోపల ఒకసారి జడ వెయ్యి, రా."

అమ్మ నా వైపు చూసింది. నేను సంచిలోంచి దువ్వెన తీసి ఇచ్చినాను. ఆమె కొంగులోంచి చేతులు బయటికి తీసి అందుకునింది.

"గట్టిగా వెయ్యి మా" అనింది ముని. "ఊడిపోకూడదు."

అమ్మ మంచం మీదికెక్కి దాని వెనకాల కూసోని, మూడు పాయలు తీసి అల్లడం మొదలుపెట్టింది.